పాతకాలపు హ్యూమిడార్: కొనేటప్పటి నుంచి అమ్మేదాకా తరచుగా అడిగే ప్రశ్నలు

నేను ఇంగ్లండులో ఉంటాను. శని, ఆదివారాలు పాత చెక్కపెట్టెలు బాగుచేసుకోవడం నా కాలక్షేపం. అందులో సిగార్ పెట్టెలు ఎక్కువ. హైదరాబాద్, విశాఖ, న్యూజెర్సీ నుంచి స్నేహితులూ, వాళ్ల స్నేహితులూ వాట్సాప్‌లో ఫొటోలు పెట్టి అవే సందేహాలు అడుగుతుంటారు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పలేక ఒకచోట రాసి పెట్టాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు.

ఒక్క మాట మాత్రం ముందే చెప్పాలి. సిగారుకి 65 నుంచి 70 శాతం తేమ కావాలి. వందేళ్ల పెట్టె 50 శాతం దగ్గర హాయిగా ఉంటుంది. ఇద్దరికీ పొత్తు కుదరనప్పుడు నేను పెట్టె పక్షమే. సిగారు మళ్లీ కొనుక్కోవచ్చు.

## కొనే ముందు

హ్యూమిడార్ అంటే సిగార్ పెట్టే కదా? వేరే పేరెందుకు?

సిగార్లు పెట్టుకునే ప్రతి పెట్టే హ్యూమిడార్ కాదు. మూత బిగుతుగా కూర్చోవాలి, లోపల స్పానిష్ సెడార్ చెక్క పరిచి ఉండాలి, తేమనిచ్చే పరికరం ఒకటి ఉండాలి. ఇంగ్లీషులో ఈ మాట వాడుకలోకి వచ్చిందే 1903 ప్రాంతంలో. అందుకని ‘విక్టోరియా కాలపు హ్యూమిడార్’ అని, అంటే 1901కి ముందటిదని, చీటీ కట్టి ఉంటే కొంచెం ఆగి చూడండి. ఆ కాలపు పెట్టెల్లో చాలావరకు భోజనాల తర్వాత అతిథుల ముందు పెట్టడానికి చేసినవి. రాత్రికి ఖాళీ అయ్యే పెట్టెకి తేమ గొడవ లేదు. అవి అందమైన పెట్టెలే, కొనొద్దని కాదు. హ్యూమిడార్ ధర మాత్రం పెట్టకండి.

స్పానిష్ సెడార్ స్పెయిన్ నుంచి వస్తుందా?

రాదు. అసలది సెడార్ కూడా కాదు. మధ్య, దక్షిణ అమెరికాల్లో, కరేబియన్ దీవుల్లో పెరిగే సెడ్రెలా ఒడోరాటా అనే చెట్టు. మహాగని కుటుంబం, అంటే మన వేపచెట్టుకి చుట్టరికం. తేమని పీల్చుకుని మెల్లగా వదులుతుంది, దాని వాసన పొగాకుకి నప్పుతుంది, పురుగుకి అంతగా నచ్చదు. అంతమాత్రాన పురుగు పట్టదనుకోవద్దు.

పాత హ్యూమిడారో, వేరే పెట్టెని మార్చి అమ్ముతున్నారో ఎలా తెలుస్తుంది?

రాతపెట్టెలు, చెంచాలూ ఫోర్కుల పెట్టెలు, మద్యం సీసాల పెట్టెలు లోపలంతా ఊడబీకి, సెడార్ పలకలు అతికించి హ్యూమిడార్ అని అమ్మడం మామూలే. బయట మూలలన్నీ అరిగిపోయి, లోపల చెక్క మాత్రం నిన్న కోసినట్టు పదునుగా ఉంటే అనుమానించండి. ప్లస్ గుర్తు స్క్రూలు 1930ల తర్వాతివి. పక్క పలకల్లో పాత అరల గాడులు పూడ్చిన గీతలు కనిపించవచ్చు.

నేనూ ఒకసారి బోల్తా పడ్డాను. 20వ శతాబ్దం తొలినాటిదని చెప్పి ఒకాయన అమ్మాడు. ఇంటికొచ్చాక అడుగు పలక వదులుగా ఉందని ఎత్తి చూస్తే, కింద నీలం వెల్వెట్ ముక్క, అందులో చెంచా ఆకారంలో గుంట. ఇన్నాళ్లూ అందులో ఉన్నది సిగార్లు కాదు, స్పూన్లు. ఆ రోజు ఉడుక్కున్నాను గానీ ఇప్పుడు నేను రోజూ వాడేది అదే. ఎలాగూ మార్చేసిన పెట్టె కాబట్టి దానికి తేమ పట్టించడానికి మనసు పీకదు.

మూత బిగుతుగా ఉందో లేదో సంతలో నిలబడి ఎలా చూడాలి?

ఒక కాగితం నోటు మూతకీ పెట్టెకీ మధ్య పెట్టి మూత దించండి. మెల్లగా లాగితే కాస్త పట్టి ఉండి రావాలి. నాలుగు వైపులా అలాగే చూడాలి. కీలు వైపు బిగుతుగా, ముందువైపు వదులుగా ఉంటే మూత వంగిందని అర్థం. ఇంగ్లండులో నోట్లు ప్లాస్టిక్‌వి అయ్యాక జారిపోతున్నాయి. అందుకని నా పర్సులో పది రూపాయల నోటు ఒకటి ఎప్పుడూ ఉంటుంది. నోటు చూసి నవ్విన అమ్మకందార్లూ ఉన్నారు, ధర తగ్గించిన వాళ్లూ ఉన్నారు.

ఇంటి దగ్గరైతే ఫోన్ టార్చి వెలిగించి లోపల పెట్టి, మూత మూసి, గదిలో లైట్లు ఆపేయండి. వెలుగు గీత ఎక్కడ కనిపిస్తే గాలి అక్కడే పోతుంది. పాత పెట్టెలో కొంచెం కారడం తప్పదు, దానికి టెన్షన్ పడొద్దు. మూత చుట్టూ రబ్బరు పట్టీ అతికించడం మాత్రం చేయకండి. కీళ్ల మీద బరువు పడి స్క్రూలు చెక్కని చీల్చుకుని ఊడొస్తాయి.

లోపల సెడార్ లేదు, తెల్ల గాజో రేకో ఉంది. పనికొస్తుందా?

తెల్ల గాజు పరిచినవి, రాగి రేకు కొట్టినవి ఎక్కువగా పైపు పొగాకు కోసం చేసినవి. 1920లు, 30ల్లో అమెరికాలో కుర్చీ పక్కన పెట్టుకునే చిన్న స్టాండ్లు ఇలాంటివే. గాజు, లోహం తేమని పీల్చవు. రాత్రి చల్లబడితే గోడల మీద నీటి బొట్లు పట్టి సిగార్ల మీదికి కారతాయి. విడిగా సెడార్ ట్రే ఒకటి చేయించి అందులో పెడితే కొంత నయం.

మెత్తగా, బూడిదరంగులో ఉండి గోరుతో గీస్తే గీత పడే రేకైతే సీసం అనుకోవచ్చు. పాత పొగాకు పెట్టెల్లో సీసం వాడేవారు. అందులో నోట పెట్టుకునే వస్తువేదీ ఉంచొద్దు. రేకుని గీకొద్దు, రుద్దొద్దు. ఇంట్లో చిన్నపిల్లలుంటే ఆ పెట్టె కొనకపోవడమే మేలు.

‘కోరమాండల్’ చెక్క అంటున్నారు. మన కోరమాండల్ తీరమేనా?

పేరు మన తూర్పు తీరానిదే. ముదురు గోధుమ రంగులో నల్లటి, లేత చారలతో ఉండే చెక్క అది. విక్టోరియా కాలంలో ఖరీదైన పెట్టెల పై పొరకి వాడేవారు. చెక్క చాలావరకు శ్రీలంక నుంచీ, ఆగ్నేయాసియా దీవుల నుంచీ వెళ్లేది. ఈ చెట్లు ఎబొనీ ప్రజాతివి. మనం బీడీ ఆకు కోసే తునికి చెట్టు కూడా అదే ప్రజాతి. బీడీకి ఆకు, సిగార్ పెట్టెకి కర్ర, రెండూ ఒకే ఇంటివి.

ఏనుగు దంతం పొదిగిన పెట్టె దొరికింది. కొనొచ్చా?

చట్టం తెలుసుకోకుండా చెయ్యి పెట్టకండి. బ్రిటన్‌లో 2018 నాటి దంతాల చట్టం 2022 జూన్ నుంచి అమల్లో ఉంది. 1947 మార్చి 3కి ముందు చేసినదై, దంతం పరిమాణం వస్తువులో పది శాతం లోపు ఉంటే నమోదు చేయించి అమ్ముకోవచ్చు. తాళం చెవి రంధ్రం చుట్టూ ఉండే చిన్న దంతపు బిళ్లకైనా నమోదు కావలసిందే. ఇండియాలో 1972 వన్యప్రాణి చట్టం, దానికి తర్వాత వచ్చిన సవరణల కింద దంతాల వ్యాపారం పూర్తిగా నిషేధం.

మనవాళ్లకి ఈ ప్రశ్న ఎక్కువగా ‘వైజాగపటం’ పెట్టెల దగ్గర వస్తుంది. 18, 19 శతాబ్దాల్లో విశాఖపట్నం పనివాళ్లు గంధపు చెక్క మీద దంతపు పలకలు పరిచి, సన్నగా చెక్కి, గీతల్లో నల్ల లక్క నింపి చేసిన పెట్టెలకి లండన్ వేలంపాటల్లో గట్టి ధర పలుకుతుంది. చూసి కళ్లకద్దుకోవలసిన పని అది. సిగార్లు మాత్రం అందులో పెట్టొద్దు. గంధం వాసన పొగాకుని మింగేస్తుంది, తేమకి దంతం వంకర తిరుగుతుంది.

ఎంత పెట్టొచ్చు?

పేరున్న తయారీదారు ముద్ర, దెబ్బతినని తాళం, మార్చని లోపలి చెక్క ఉంటే ధర పెరుగుతుంది. ఎవరి ఇంట్లో ఉండేదో కాగితం ఉంటే ఇక చెప్పక్కర్లేదు. హాస్యనటుడు మిల్టన్ బెర్ల్ 1961లో అధ్యక్షుడు కెనెడీకి ఇచ్చిన వాల్‌నట్ హ్యూమిడార్ 1996లో న్యూయార్క్ సదబీస్ వేలంలో 5,74,500 డాలర్లకి పోయింది. ఆ డబ్బు చెక్కకి కాదు. మీకు కాగితం లేకుండా ‘ఒక లార్డు గారిది’ అని కథ చెబితే, విని నవ్వి, చెక్క ధరే ఇవ్వండి.

## ఇంటికి తెచ్చాక

తడిగుడ్డతో తుడిచేశాను. ఏమవుతుంది?

బయటవైపు ఒకసారి తుడిచి వెంటనే ఆరబెట్టి ఉంటే ఏమీ కాకపోవచ్చు. లోపలి సెడార్‌ని తడిపితే మాత్రం ఇబ్బందే. యూట్యూబ్‌లో కొత్త హ్యూమిడార్లకి చెప్పే చిట్కా ఇది. కొత్తవాటికే మంచిది కాదు, పాతవాటికి అసలే కాదు.

నా రెండో పెట్టె మహాగని పై పొర ఉన్నది. లోపలంతా నీళ్లతో తుడిచి మూత వేసి పడుకున్నాను. అర్ధరాత్రి ‘టక్’మని చప్పుడు. పొద్దున చూస్తే మూత మీది పై పొర ఒక మూల నుంచి అరచేయంత మేర పైకి లేచి పడవలా వంగి ఉంది. లోపలి చెక్క తడిసి ఉబ్బింది, పై పొర ఎండుగానే ఉంది, మధ్యలో ఉన్న వందేళ్ల జంతు బంక ఎవరికీ సర్దిచెప్పలేక వదిలేసింది.

దుమ్ముకి మెత్తటి పొడి బ్రష్, తర్వాత పొడి కాటన్ గుడ్డ. ఇంతే.

ముక్క వాసన, నాఫ్తలీన్ వాసన కొడుతోంది. ఎలా పోగొట్టాలి?

మూత తెరిచి నీడలో, గాలి ఆడేచోట రెండు మూడు వారాలు వదిలేయండి. ఎండలో వద్దు, చెక్క పగులుతుంది. తగ్గకపోతే చిన్న గిన్నెలో వాసన పీల్చే బొగ్గు, అంటే యాక్టివేటెడ్ కార్బన్, వేసి లోపల పెట్టి వారం మూసి ఉంచండి. అప్పటికీ ఉంటే సెడార్ పై భాగాన్ని 220 నంబరు ఉప్పుకాగితంతో చాలా తేలికగా రుద్ది, పొడి వాక్యూమ్‌తో తీసేయండి. కొత్త చెక్క బయటపడి సెడార్ వాసన తిరిగి వస్తుంది.

నాఫ్తలీన్ మొండిది, నెలలు పడుతుంది. బీరువాలో కలరా ఉండల పక్కన పెట్టిన పెట్టెలో సిగార్ ఆశ వదులుకుంటేనే మంచిది. వాసన కప్పడానికి అత్తరు, కర్పూరం, చందనం లాంటివి రాయొద్దు. వార్నిష్ అయితే లోపల ఎప్పటికీ వద్దు.

ఇత్తడి కీళ్లు నల్లబడ్డాయి. చింతపండు, పీతాంబరి పనికొస్తాయా?

దేవుడి సామాన్లకి పనికొస్తాయి, వీటికి వద్దు. చింతపండు పులుపు చెక్క సందుల్లోకి దిగి చుట్టూ మచ్చ వేస్తుంది. పొడి గాడుల్లో తెల్లగా ఉండిపోతుంది. పైగా చాలా కీళ్ల మీద పల్చటి లక్క పూత గానీ బంగారు మలామా గానీ ఉంటుంది, ఒక్క రుద్దుడుకి అది పోతుంది. పొడి గుడ్డతో తుడిచి ఆ నలుపుని అలాగే వదిలేయండి. కొనేవాళ్లు ఆ నలుపుకే విలువ కడతారు.

తాళం వేసి ఉంది, చెవి లేదు. పగలగొట్టాలా?

వద్దు. ముందు రంధ్రం చూడండి. గుండ్రంగా ఉండి మధ్యలో చిన్న పుల్ల కనిపిస్తే అది బ్రామా తాళం కావచ్చు. జోసెఫ్ బ్రామా 1784లో పేటెంటు తీసుకున్న తాళం అది. ‘జె. బ్రామా, 124 పికడిలీ’ అన్న ముద్ర కూడా చాలా పెట్టెల మీద కనిపిస్తుంది. లండన్‌లో ఆ పేరుతో సంస్థ ఇంకా ఉంది. పాత తాళాలు తెలిసిన పనివాడైతే తాళం ఊడదీసి దానికి సరిపోయే చెవి చేస్తాడు. స్క్రూడ్రైవర్‌తో పెకలించిన పెట్టె మూత ఇక ఎప్పటికీ బిగుతుగా కూర్చోదు.

చెక్కలో సన్నటి చిల్లులున్నాయి. పురుగు బతికే ఉందా?

పెట్టెని నల్ల కాగితం మీద పెట్టి నెల రోజులు కదపకండి. కింద తాజాగా పిండిలాంటి పొడి రాలితే బతికే ఉన్నట్టు. ఒకటిన్నర, రెండు మిల్లీమీటర్ల గుండ్రటి చిల్లులు కర్ర తినే పురుగువి. లోపల మందు కొట్టొద్దు, ఆ విషం సిగార్‌కి ఎక్కుతుంది. మ్యూజియంల వాళ్లు పాలిథిన్‌లో గాలి చొరకుండా చుట్టి మైనస్ 18 డిగ్రీల్లో రెండు వారాలు ఉంచుతారు. బయటికి తీశాక గది వేడికి పూర్తిగా వచ్చేదాకా కవరు విప్పకూడదు, విప్పితే చెమ్మ పెట్టె మీదే పడుతుంది. దంతం, ముత్యపు చిప్ప పొదిగిన పెట్టెలకి ఈ పద్ధతి సొంతంగా చేయొద్దు.

## తేమ పట్టించడం

కొత్త హ్యూమిడార్‌కి రెండు వారాలు చాలంటారు. పాతదానికి ఎన్నాళ్లు?

ఎండిన సెడార్ మొదట తను తాగాకే సిగార్‌కి మిగుల్చుతుంది. అందుకే ముందు పెట్టెకి తేమ పట్టించాలి. కొత్తవాటికి 84 శాతం తేమనిచ్చే ప్యాకెట్లు పెట్టి 14 రోజులు మూసి ఉంచమంటారు. పాతవాటికి నేను అలా చేయను.

ఎందుకంటే 50 శాతం తేమ గల గాలిలో చెక్క తన బరువులో సుమారు 9 శాతం నీరు పట్టుకుంటుంది, 70 శాతంలో 13 దాకా. 25 సెంటీమీటర్ల వెడల్పు మహాగని పలక ఆ తేడాకి ఒకటి, ఒకటిన్నర మిల్లీమీటరు ఉబ్బుతుంది. వినడానికి చిన్నదే. కానీ నాలుగు వైపులా బిగించి బంక పెట్టిన పెట్టెలో ఆ మిల్లీమీటరుకి చోటు లేదు. మెల్లగా వస్తే చెక్క సర్దుకుంటుంది, ఒక్కసారిగా వస్తే చీలుతుంది.

నా పద్ధతి ఇది. తేమ తక్కువైతే ఇచ్చి, ఎక్కువైతే పుచ్చుకునే ప్యాకెట్లు, బోవెడా లాంటివి, 58 నుంచి 84 దాకా రకరకాల శాతాల్లో దొరుకుతాయి. మొదటి రెండు వారాలు 58 పెడతాను, తర్వాత రెండు వారాలు 62, ఆపైన 65. అక్కడే ఆపేస్తాను. 65 శాతంలో సిగార్ చక్కగా కాలుతుంది, పెట్టె మూలగదు. మొత్తం ఆరు వారాలు. తొందరున్నవాళ్లు పాత పెట్టెల జోలికి రాకూడదు.

పెట్టెకి అసలు తేమే తగలకుండా సిగార్లు పెట్టుకునే మార్గం లేదా?

ఉంది. గాలి చొరబడని చిన్న డబ్బాలోనో జిప్ కవరులోనో సిగార్లు, ఒక తేమ ప్యాకెట్టు పెట్టి, ఆ డబ్బాని పాత పెట్టెలో దాచుకోండి. పెట్టె 50 శాతంలో ఉంటుంది, సిగార్లు 65లో ఉంటాయి. ‘మరి హ్యూమిడార్ ఎందుకు?’ అని మా బావగారు అడిగారు. పట్టుచీర పెట్టెలో పెట్టినా చీరకి విడిగా గుడ్డ చుడతాం కదా అన్నాను. ఆయన ఒప్పుకోలేదు, నేను మాత్రం మంచి పెట్టెలకి ఇలాగే చేస్తున్నాను.

ఏ నీళ్లు పోయాలి? ఏసీ నుంచి కారే నీళ్లు డిస్టిల్డ్ వాటరే కదా?

కాదు. ఆవిరి చల్లబడి వచ్చిన నీళ్లే అయినా ఏసీ లోపలి దుమ్మూ, బూజూ కడుక్కుని వస్తాయి. ఆర్ఓ నీళ్లలో ఖనిజాలు తగ్గుతాయి గానీ పూర్తిగా పోవు, పరికరం మీద తెల్లగా పొరకడతాయి. డిస్టిల్డ్ వాటర్ సీసా కొనుక్కోండి, ఒక లీటరు నెలల తరబడి వస్తుంది. ప్యాకెట్లు వాడితే అసలు నీళ్లే అక్కర్లేదు.

మూతలో ఉన్న పాత తేమ పరికరం వాడొచ్చా?

దాచి ఉంచండి, వాడకండి. ఇత్తడి చట్రంలో స్పాంజి, బంకమట్టి బిళ్ల, సుద్దలాంటివి ఉంటాయి. పదుల ఏళ్ల బూజు అందులో నిద్రపోతుంటుంది, నీళ్లు తగలగానే లేస్తుంది. లోపలి సరుకు తీసి చట్రంలో ఒక ప్యాకెట్టు అమరిస్తే చూపుకి పాతదే, పనికి కొత్తది. తీసిన ముక్కల్ని కవరులో వేసి ఉంచండి, అమ్మేటప్పుడు అడుగుతారు.

హైగ్రోమీటర్ (తేమ కొలిచే మీటరు) 70 చూపిస్తోంది గానీ సిగార్లు ఎండుతున్నాయి. ఎందుకు?

మీటరు అబద్ధం చెబుతోంది. ముల్లు తిరిగే పాత ఇత్తడి మీటర్లు పది, పదిహేను శాతం తప్పు చూపించడం మామూలే. పరీక్షకి మన వంటింటి ఉప్పు చాలు. సీసా మూతలో చెంచాడు ఉప్పు వేసి, తడి ఇసుకలా అయ్యేటన్ని చుక్కలు నీళ్లు కలపండి. ఉప్పు కరిగిపోకూడదు. దాన్నీ, మీటరునీ ఒక జిప్ కవరులో మూసి పన్నెండు గంటలు వదిలేయండి. లోపల గాలి తేమ 75 శాతానికి వస్తుంది, మీటరు చూపించేదానికీ 75కీ మధ్య ఎంత ఉంటే అంత తేడా అని రాసుకోండి. పాత మీటరుని అలంకారానికి ఉంచి, లోపల చిన్న డిజిటల్ మీటరు ఒకటి పెట్టుకోండి.

హైదరాబాద్‌లో ఒక తీరు, విశాఖలో ఒక తీరు అంటారు. ఏం మార్చాలి?

విశాఖ లాంటి తీరప్రాంతాల్లో ఏడాదిలో ఎక్కువ కాలం బయట గాలే 70 దాటి ఉంటుంది. అక్కడ తేమ పెట్టడం కాదు, తగ్గించడం పని. నీళ్లు పోసే పరికరం వద్దు. తేమని ఇచ్చి పుచ్చుకునే ప్యాకెట్టే పెట్టండి, వానాకాలంలో పెట్టె తెరవడం తగ్గించండి. హైదరాబాద్‌లో ఏప్రిల్, మే మధ్యాహ్నాలు బాగా ఎండు, జులై వచ్చేసరికి తడి. పెట్టెని చంపేది ఈ ఊగిసలాటే. లోపలి గదిలో, బయటి గోడకి దూరంగా, కింది అరలో ఉంచండి. ఏసీ గాలి నేరుగా తగలకూడదు. వంటింట్లో పోపు, దేవుడి గదిలో అగరుబత్తి, రెండూ సిగార్‌కి పడవు.

అమెరికా, ఇంగ్లండుల్లో అసలు శత్రువు చలికాలపు హీటర్. గది తేమ 30కి పడిపోతుంది. రేడియేటర్ మీది అలమారా చూడటానికి బాగుంటుంది గానీ పాత పెట్టెకి అంతకన్నా చెడ్డచోటు ఇంట్లో లేదు.

## సిగార్లు పెట్టాక

ఎన్ని పెట్టొచ్చు?

మూడు వంతులు నింపి ఒక వంతు ఖాళీ వదలండి. గాలి తిరగాలి.

ఒక్కో సిగార్‌కి చుట్టి వచ్చే పారదర్శకమైన కవరు తీసేయాలా?

మీ ఇష్టం. కవరు తేమని ఆపదు, కొంచెం నెమ్మది చేస్తుందంతే. పాత పెట్టెలో పాత వాసనలు ఉంటాయి కాబట్టి నేను ఉంచేస్తాను.

సిగార్ మీద తెల్లగా పొడిలా వచ్చింది. అది ‘ప్లూమ్’, మంచిదే అంటున్నారు. నిజమా?

నూనెలు పైకొచ్చి స్ఫటికాలుగా మారతాయని, అది బాగా మాగిన గుర్తని పాతవాళ్లు చెబుతారు. నేను చూసినవన్నీ బూజే. చుక్కలుగా, మెత్తటి నూగులా ఉంటే ఆలోచించక్కర్లేదు. తేమ 75 దాటి ఉంటుంది. ఆ సిగార్లు తీసేయండి, పెట్టె ఖాళీ చేసి నీడలో ఆరబెట్టండి, బూజు పట్టినచోట ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌ని గుడ్డకి చాలా కొద్దిగా అద్ది తుడవండి. ఆ గుడ్డ బయటి పాలిష్‌కి తగలకుండా చూసుకోండి. లక్క పాలిష్ ఆల్కహాల్‌లో కరిగిపోతుంది.

సిగార్‌కి సూదితో గుచ్చినట్టు చిల్లు పడింది. ఇప్పుడేం చేయాలి?

పొగాకు పురుగు. మన ఇళ్లల్లో పసుపు కొమ్ములకీ, ఎండుమిర్చికీ, ధనియాలకీ సన్నగా చిల్లులు పెట్టేది కూడా ఇదే. గుడ్లు ఆకుతోనే వస్తాయి, గది వేడి 24, 25 డిగ్రీలు దాటితే పొదగడం జోరందుకుంటుంది. హైదరాబాద్ వేసవిలో ఏసీ లేని గది అంటే పురుగుకి పండగే.

చిల్లు పడినవి పారేయండి. మిగతావి రెండు జిప్ కవర్లలో వేసి ఒక రోజు ఫ్రిజ్‌లో, మూడు రోజులు ఫ్రీజర్‌లో, మళ్లీ ఒక రోజు ఫ్రిజ్‌లో ఉంచి బయటికి తీయండి. నేరుగా ఫ్రీజర్‌లో పెడితే పై ఆకు చిట్లుతుంది. పెట్టెలో మూలలన్నీ వాక్యూమ్ చేయండి. అసలు మన ఎండలకి, కొన్న ప్రతి సిగారునీ ముందే ఇలా చేసి పెట్టెలోకి పంపడం నయం. ఫ్రిజ్‌లోనే దాచేద్దామనుకుంటే కుదరదు, ఫ్రిజ్ గాలి ఎండగా ఉంటుంది, పైగా సిగారుకి ఆవకాయ వాసన పడుతుంది.

మన లంక పొగాకు చుట్టలు ఇందులో పెట్టొచ్చా?

పెట్టొచ్చు, కానీ ఆ పెట్టెని చుట్టలకే రాసిచ్చేయాలి. గోదావరి లంకల పొగాకు ఘాటు సెడార్‌లోకి దిగితే మళ్లీ పోదు, పక్కన పెట్టిన క్యూబా సిగార్ కూడా వారంలో చుట్ట వాసనే కొడుతుంది. ఇంగ్లీషులో ‘షెరూట్’ అనే మాట తమిళ ‘సురుట్టు’ నుంచి వెళ్లిందే. కాబట్టి చుట్ట పెట్టినందుకు పెట్టెకి నామోషీ ఏమీ లేదు.

తాతగారి పెట్టెలో ఎండిపోయిన సిగార్లు దొరికాయి. బాగవుతాయా?

విరగకుండా ఉంటే తేమ తిరిగి వస్తుంది, పోయిన నూనెలు, రుచి తిరిగి రావు. 58 శాతంలో కొన్ని వారాలు, తర్వాత 62, 65. మొత్తం రెండు మూడు నెలలు. ఒక్కసారిగా తేమ పెడితే లోపలి ఆకు ఉబ్బి పై ఆకు పగులుతుంది. నేనైతే వాటిని కాల్చకుండా, చుట్టిన కాగితపు పట్టీలతో సహా అలాగే ఉంచుతాను.

## పాడైతే

మూత వంగింది. బరువు పెడితే సరవుతుందా?

బలవంతంగా సరిచేస్తే పగులుతుంది. ముందు కారణం చూడండి. లోపల తడి, బయట ఎండు ఉంటే మూత బయటికి వంగి అంచులు పైకి లేస్తాయి. తేమ పరికరం తీసేసి, మూత తెరిచి, గది గాలికి నెల రోజులు వదిలేయండి. చాలాసార్లు దానంతటదే దిగుతుంది.

పై పొర లేచింది. ఫెవికాల్ పెట్టేయనా?

పెట్టకండి. పాత పెట్టెల్లో వాడింది పశువుల చర్మం, ఎముకలు ఉడికించి చేసిన బంక. వేడి, కాస్త తేమ తగిలితే అది మళ్లీ మెత్తబడుతుంది, అందుకే వందేళ్ల తర్వాత కూడా విప్పి అతికించవచ్చు. తెల్ల బంక ఒకసారి పట్టిందంటే తర్వాత వచ్చే పనివాడు ఏమీ చేయలేడు, పాత బంక కూడా దాని మీద అతుక్కోదు. నా మహాగని మూతకి చివరికి ఆ వేడి బంకే రాసి, మైనపు కాగితం పరిచి, పైన పుస్తకాల బరువు పెట్టి రెండు రోజులు ఉంచాను. అతుకు ఇప్పటికీ ఉంది, ఎక్కడో తెలిసిన వాళ్లకి కనిపిస్తుంది.

మూత మీద గ్లాసు పెట్టిన తెల్ల వలయం పోతుందా?

లక్క పాలిష్‌లో తేమ చిక్కుకుంటే అలా తెల్లబడుతుంది. ముందు కొన్ని రోజులు పొడిగాలికి వదిలేయండి, కొన్ని వాటంతటవే తగ్గుతాయి. మిగిలితే పాలిష్ తెలిసిన వడ్రంగికి చూపించండి. గీకి కొత్త పాలియురేతేన్ పూత వేస్తామంటే పెట్టె తీసుకుని ఇంటికొచ్చేయండి.

సెడార్ మీద జిగటగా బంక ఊరుతోంది.

చెక్కలోని సహజమైన జిగురు అది. వేడికి బయటికొస్తుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన దూదిపుల్లతో ఆ చుక్క మీదే తుడిచి, ఒక రోజు మూత తెరిచి ఉంచండి. పెట్టెని చల్లటిచోటికి మార్చండి.

లోపలి చెక్క పూర్తిగా పాడైంది. ఇండియాలో స్పానిష్ సెడార్ దొరక్కపోతే టేకు వేయొచ్చా?

టేకులో నూనె ఎక్కువ, దాని వాసన సిగారుకి ఎక్కుతుంది. వేపకి చేదు. దేవదారు అసలు వద్దు, అదే నిజమైన సెడార్ గానీ దాని ఘాటు పొగాకుని చెడగొడుతుంది. ఉత్తర భారతంలో తూన్ అనే కర్ర దొరుకుతుంది, స్పానిష్ సెడార్‌కి దగ్గరి బంధువు. సిగార్ పెట్టెలకి దాన్ని వాడిన చరిత్ర ఉంది. బాగా ఎండిన పలకలే తీసుకుని, బంక లేకుండా బిగుతుగా అమర్చమనండి. పాత పలకలు పారేయకండి.

## వాడకపోతే, అమ్మాలనుకుంటే

నేను పొగ తాగను. పెన్నులో, వాచీలో పెట్టుకోవచ్చా?

పెట్టుకోవచ్చు, సెడార్ లేని పెట్టెలో. సెడార్ నుంచి వచ్చే ఆవిరి వాచీ అద్దాల మీద జిగటపొరలా పడుతుంది, పెన్నుల పూతని మెత్తబరుస్తుంది. పాత ఫొటోలు, ఉత్తరాలు కూడా అందులో వద్దు.

ఖాళీగా ఉంచితే తేమ పెడుతూ ఉండాలా?

అక్కర్లేదు. ఎక్కించినట్టే మెల్లగా దించండి: 65 తీసి 62, తర్వాత 58, ఆ తర్వాత ఏమీ లేకుండా. మూత ఒక వేలు సందు తెరిచి ఉంచండి.

ఇండియాలో కొన్న పాత పెట్టెని విదేశానికి తీసుకెళ్లొచ్చా? అక్కడిది ఇక్కడికి?

వందేళ్లు దాటిన కళాత్మక వస్తువుని ఇండియా నుంచి బయటికి తీసుకెళ్లడం 1972 పురావస్తువుల చట్టం కింద ప్రైవేటు వ్యక్తులకి నిషేధం. తాతగారిదైనా అంతే. అంత పాతది కాదనుకుంటే, పురావస్తు శాఖ నుంచి ‘ఇది పురావస్తువు కాదు’ అనే ధ్రువపత్రం తీసుకుని వెళ్లండి, విమానాశ్రయంలో వాదన తప్పుతుంది.

బయటి నుంచి తెచ్చేటప్పుడు చెక్క ఏదో చూసుకోండి. బ్రెజిల్ రోజ్‌వుడ్ 1992 నుంచి అంతర్జాతీయ వన్యజాతుల ఒప్పందంలో అతి కఠినమైన జాబితాలో ఉంది, పాత పెట్టెకైనా కాగితాలు కావాలి. ప్యాక్ చేసేటప్పుడు తేమ ప్యాకెట్లు, ట్రేలు, మీటరు అన్నీ బయటికి తీసి విడిగా చుట్టండి. తాళం చెవి మాత్రం పెట్టెతో పంపకండి, మీ జేబులో పెట్టుకోండి.